విశాఖలో ఎడ్జ్ సైటు పెడితే మొబైల్ ఆపరేటరుకు డబ్బు ఎటునుంచి వస్తుంది?

భీమిలి_ఫైబర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎడ్జ్ (కస్టమరుకు దగ్గర్లోనే సర్వర్లు పెట్టడం) మీద వచ్చే ప్రెజెంటేషన్లన్నీ "10 మిల్లీసెకన్ల లోపు లేటెన్సీ" (డేటా వెళ్లిరావడానికి పట్టే సమయం) దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. బిల్లు ఎవరి పేరు మీద రాయాలి, నెలకి ఎంత రాయాలి అన్న సంగతి మాత్రం వాటిలో కనపడదు. అందుకే సూటిగా అడుగుతున్నాను.

ఒక ఆపరేటరు కోర్ (నెట్‌వర్కుని నడిపించే కేంద్ర వ్యవస్థ) హైదరాబాద్‌లో ఉంది అనుకుందాం. విశాఖలో అగ్రిగేషన్ గది (ఊళ్లోని లైన్లన్నీ వచ్చి కలిసే గది) ఉంది. అందులో ఒక ర్యాకు ఖాళీ, మైనస్ 48 వోల్టుల డీసీ పవరు 5 కిలోవాట్ల దాకా దొరుకుతుంది. ఎదురుగా కనిపించే కస్టమర్లు మూడు రకాలు. పోర్టు, ఉక్కు కర్మాగారం, రిఫైనరీ లాంటి పెద్ద ప్రాంగణాలు ఒకటి. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా యూనిట్లు రెండు. గాజువాక నుంచి మధురవాడ దాకా పాతికేసి బ్రాంచీలున్న ఫైనాన్సు సంస్థలు, ల్యాబులు, షోరూములు మూడు.

రౌటరు, ఫైర్‌వాల్, ఎస్‌డీ-వాన్ (బ్రాంచీల లైన్లని కలిపి నడిపేది) లాంటి వర్చువల్ ఫంక్షన్లను, అంటే సాఫ్ట్‌వేరుగా నడిచే పరికరాలను, కస్టమరు దగ్గరి బాక్సులో నడపాలా, ఆపరేటరు గదిలో నడపాలా? యూపీఎఫ్‌ని (5జీ కోర్‌లో వాడకందారుల డేటా దాటే భాగం) విశాఖకి తెస్తే నిజంగా మారేది ఏమిటి? పెట్టిన డబ్బు తిరిగొచ్చే లెక్క ఎలా వేయాలి?

ఆటోనగర్_ప్యాకెట్

మొదటి ప్రశ్నకి నా జవాబు: కస్టమరు దగ్గరి బాక్సుతోనే మొదలుపెట్టండి. కారణం సాంకేతికం కాదు, బిల్లు. బ్రాంచీలున్న సంస్థ ఇప్పటికే రౌటరుకి ఒకరికి, ఫైర్‌వాల్ లైసెన్సుకి ఇంకొకరికి, లీజు లైనుకి మరొకరికి డబ్బు కడుతోంది. ఆ మూడింటినీ ఒక నెలసరి బిల్లు కిందకి తెస్తే అది కొత్త ఖర్చుగా అనిపించదు. లేటెన్సీకి డబ్బు కట్టమంటే మాత్రం కొత్త పద్దు తెరవాలి. దానికి వాళ్ల ఆఫీసులో సంతకం పెట్టేవాడు దొరకడు.

బాక్సు విషయంలో పొదుపు చేయకూడని చోటు ఒకటుంది. 4 కోర్ల అటామ్ తరగతి ప్రాసెసరు, 8 జీబీ మెమరీ ఉన్న బాక్సులో ఒక కోరు హోస్టుకి, వర్చువల్ స్విచ్‌కి పోతుంది. ఒకటి ఎస్‌డీ-వాన్‌కి. మిగిలిన రెండింటిలో ఫైర్‌వాల్. ఇంతవరకు సరిపోతుంది. చొరబాటు నిరోధం, టీఎల్‌ఎస్ తనిఖీ (గుప్తలిపి ట్రాఫిక్‌ని విప్పి చూడడం) ఆన్ చేశారంటే స్పెక్ షీటులో 1 జీబీపీఎస్ అని రాసినది అందులో చిన్న భాగానికి పడిపోతుంది. పైగా ఆ 1 జీబీపీఎస్ 1500 బైట్ల ప్యాకెట్లతో కొలిచినది. బ్రాంచీలో నడిచేది సగటున 350 బైట్ల చుట్టూ ఉండే మిశ్రమ ట్రాఫిక్. కొనేముందు ఐమిక్స్ (అలాంటి మిశ్రమ సైజుల) ట్రాఫిక్‌తో, అన్ని ఫీచర్లూ ఆన్ చేసి, గంటసేపు పరీక్షించండి. 8 కోర్లు, 16 జీబీ తీసుకుంటే తర్వాత కెమెరా రికార్డరో, మరో ఫంక్షనో అదే బాక్సులో అమ్మొచ్చు. లాభం అంతా ఆ రెండో ఫంక్షన్‌లోనే ఉంది. బాక్సు ఖర్చు అప్పటికే తీరిపోయి ఉంటుంది.

లాభాన్ని తినేసేది మనిషిని సైటుకి పంపడం. బాక్సు దానంతట అదే కాన్ఫిగర్ అయిపోతుందని అందరూ చెబుతారు. ఫీల్డులో అది ఆగిపోయే చోట్లు నాలుగు:

బ్రాడ్‌బ్యాండ్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పద్ధతి) మీద ఉంటుంది. బాక్సు డీహెచ్‌సీపీ (చిరునామా దానంతట అదే ఇచ్చే పద్ధతి) కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

బాక్సు గోదాములో నెలల తరబడి పడి ఉండి గడియారం వెనకబడుతుంది. సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదని టీఎల్‌ఎస్ ఒప్పుకోదు. కస్టమరు పాత మోడెం ఎన్‌టీపీని (టైము తెచ్చే ప్రోటోకాల్) ఆపేస్తే గడియారం సరికాదు, సర్టిఫికెట్ సరికాదు, అక్కడితో సరి.

సిమ్ బ్యాకప్ ఉన్న బాక్సుని ఇనప ర్యాకులో పెట్టి తలుపు మూసేస్తారు. సిగ్నల్ ఉండదు. యాంటెనాకి 3 మీటర్ల కేబులు వేసి బయటకి తీయాలి.

ఆ సిమ్ సీజీనాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీ పంచే ఏర్పాటు) వెనక ఉంటుంది. ఐపీసెక్ (గుప్తలిపి టన్నెల్) 4500 పోర్టు మీద నడవాలి, 20 సెకన్లకొకసారి 'ఉన్నాను' అని చెప్పే కీప్‌అలైవ్ వెళ్లాలి. లేకపోతే మ్యాపింగ్ పోయి, అసలు లైను తెగిన రోజున బ్యాకప్ కూడా లేవదు.

వీటికి మందు ఒకటే. మొదటి బూట్ ఎప్పుడూ సిమ్ మీదే అవ్వాలి, బ్రాడ్‌బ్యాండ్ మీద కాదు. బాక్సు సొంత సిమ్‌తో లేచి, టైము తెచ్చుకుని, కాన్ఫిగరేషన్ దించుకుని, ఆ తర్వాత పీపీపీఓఈ వివరాలు అందుకుంటుంది. సిమ్ ఇవ్వగలగడం మొబైల్ ఆపరేటరుకు ఉన్న బలం. లైను మాత్రమే అమ్మేవాడికి, క్లౌడ్ మాత్రమే అమ్మేవాడికి అది లేదు.

కంచరపాలెం_కోర్

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. ముందు లేటెన్సీ లెక్క చూద్దాం. ఫైబరులో వెలుతురు సెకనుకి 2 లక్షల కి.మీ. పోతుంది. అంటే 100 కి.మీ. దూరానికి వెళ్లిరావడం 1 మిల్లీసెకను. హైదరాబాద్‌కి ఫైబరు దారి 700 కి.మీ. అనుకున్నా 7 మిల్లీసెకన్లు, మధ్యలో రౌటర్లకి ఇంకొంత. 5జీ రేడియోలోనే మామూలు టీడీడీ (పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా) సెట్టింగులతో 10 నుంచి 20 మిల్లీసెకన్లు పోతాయి. కాబట్టి యూపీఎఫ్‌ని విశాఖకి తెచ్చినంత మాత్రాన 30 ఉన్నది 1 అయిపోదు, 20 అవుతుంది. ఆ తేడాకి డబ్బిచ్చేది దూరం నుంచి క్రేను నడిపేవాళ్లు, డ్రైవరు లేని బండ్లు తిప్పేవాళ్లు, ఇలా కొద్దిమందే.

ఇంకో మాట. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఏఐ హబ్‌కి అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లు ఇక్కడికి రావడం కూడా అందులో భాగమే. అంత పెద్ద కంప్యూట్ ఊళ్లోకే వచ్చాక "మా సర్వరు మీకు దగ్గర" అన్న మాటతో ఆపరేటరు ఏమీ అమ్మలేడు. అందుకే దూరం తగ్గుతుందని కాకుండా, డేటా ప్రాంగణం దాటదని, సిమ్ ద్వారా ప్రతి పరికరం ఎవరిదో తెలుస్తుందని, ఏ పరికరం దేనితో మాట్లాడాలో కట్టడి చేయొచ్చని చెప్పి అమ్మాలి. ఫార్మా యూనిట్లు, రిఫైనరీ లాంటి చోట్ల దీనికి గిరాకీ ఉంది.

అమలు సంగతి. పారిశ్రామిక కస్టమరుకి విడిగా ఒక డీఎన్‌ఎన్ (సిమ్‌ని ఏ నెట్‌వర్కులో దింపాలో చెప్పే పేరు) ఇచ్చి, ఆ సెషన్ మొత్తాన్ని విశాఖ యూపీఎఫ్‌లో దింపడం అన్నిటికంటే సులువు. మామూలు ఫోన్లకి ఒకే సెషన్‌లో ఇంటర్నెట్టూ ఎడ్జూ రెండూ కావాలంటే అప్‌లింక్ క్లాసిఫయరు (ఏ ప్యాకెట్ ఎటు వెళ్లాలో విడదీసేది) పెట్టాలి. అక్కడినుంచి తిప్పలు మొదలవుతాయి. ఎడ్జ్ అప్లికేషన్ చిరునామా డీఎన్‌ఎస్ (పేరుని ఐపీ చిరునామాగా మార్చేది) ద్వారా తెలియాలి, ఫోనులో ప్రైవేటు డీఎన్‌ఎస్ ఆన్ ఉంటే ఆ ప్రశ్న ఆపరేటరు డీఎన్‌ఎస్‌కి రానే రాదు, ట్రాఫిక్ ఎప్పటిలాగే దూరంగా వెళ్లిపోతుంది. మొదటి ఏడాది ఆ జోలికి పోకండి. నెట్‌వర్కు ఇంకా ఎన్‌ఎస్‌ఏలో (5జీ రేడియో, 4జీ కోర్) ఉంటే స్లైసింగ్ (నెట్‌వర్కుని కస్టమర్లవారీగా విడదీయడం) కుదరదు. ప్రత్యేక ఏపీఎన్ (4జీలో డీఎన్‌ఎన్ లాంటిది) పెట్టి, డేటా దాటే భాగమైన గేట్‌వే యూజర్ ప్లేన్‌ని విశాఖలో దింపి, అదే పని 4జీ కోర్‌తో చేయొచ్చు.

సర్వరు మీద యూపీఎఫ్ అనుకున్న వేగం ఇవ్వకపోతే ముందు మూడు చూడండి. నెట్‌వర్కు కార్డు ఒక ప్రాసెసరు సాకెట్‌కి, యూపీఎఫ్ కోర్లు ఇంకో సాకెట్‌కి ఉన్నాయేమో. ఉంటే ప్రతి ప్యాకెట్టూ సాకెట్ల మధ్య దాటాలి. 1 జీబీ హ్యూజ్ పేజీలు (మెమరీని పెద్ద ముక్కలుగా ఇవ్వడం) బూట్‌లోనే కేటాయించారా, బయోస్‌లో పవరు ఆదా మోడ్ తీసేశారా అన్నది రెండోది. మూడోది చాలామందికి తట్టదు. ఒక బేస్ స్టేషన్ నుంచి యూపీఎఫ్‌కి వచ్చే జీటీపీ (వాడకందారు డేటాని చుట్టి మోసే పొర) ప్యాకెట్లన్నిటికీ బయటి ఐపీ చిరునామాలు ఒకటే, గమ్యం పోర్టూ 2152. బయటి హెడరు చూసి పంచే కార్డు వాటిని ఎక్కువగా ఒకే క్యూలోకి, ఒకే కోరు మీదకి తోసేస్తుంది. ఒక కోరు 100 శాతం, పక్కవి ఖాళీ. టీఈఐడీనో (జీటీపీ టన్నెల్ నంబరు), లోపలి ఐపీనో చూసి పంచగలిగే కార్డు, దానికి తగిన ప్రొఫైలు ఎక్కించి ఉండాలి.

ఎంటీయూ (ఒకసారి పోగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) కూడా చూడండి. 1500 బైట్ల ప్యాకెట్‌కి 5జీలో జీటీపీ పొర మరో 44 బైట్లు కలుపుతుంది, దానిమీద ఐపీసెక్ ఉంటే ఇంకో 60, 70. బ్యాక్‌హాల్‌లో (టవరు నుంచి కోర్ దాకా ఉన్న లైను) ఎక్కడో ఒక స్విచ్ 1500 దగ్గర ఉండిపోతే పింగ్ పోతుంది, వెబ్ పేజీ సగంలో ఆగుతుంది. దారంతా 1700కి పైన పెట్టండి. కస్టమరు తన ఎస్‌డీ-వాన్ టన్నెల్‌ని ఈ లింకు మీద నడిపితే ఆయన వైపు ఎంఎస్‌ఎస్ (ఒక్కో టీసీపీ ప్యాకెట్‌లోని డేటా సైజు) 1340కి కుదించండి.

భీమిలి_ఫైబర్

కంచరపాలెం గారూ, రెండు సందేహాలు. ఒక యార్డులో 60 కెమెరాలు, ఒక్కొక్కటి 4 ఎంబీపీఎస్. దీనికి ఎడ్జ్ సరైన కేసేనా? ఇంకొకటి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు ఊరికి బయటి లింకులు తెగిపోయిన సంగతి ఇక్కడి కస్టమర్లు మర్చిపోలేదు. "లింకు తెగినా మీ పని ఆగదు" అని ధైర్యంగా రాసివ్వొచ్చా?

కంచరపాలెం_కోర్

కెమెరాలు మంచి కేసే, కానీ రేడియో వైపు చూసుకోవాలి. 60 కెమెరాలకి 240 ఎంబీపీఎస్, రోజుకి దాదాపు 2.6 టెరాబైట్లు. దాన్ని హైదరాబాద్ మోసుకెళ్లడం వృథా. విశాఖలోనే విశ్లేషించి, గేటు దగ్గర లారీ నంబరు, హెల్మెట్ లేని మనిషి ఫొటో లాంటివి మాత్రం పైకి పంపితే సరిపోతుంది. అయితే 100 మెగాహెర్ట్జ్ టీడీడీలో అయిదు స్లాట్లకి ఒకటే అప్‌లింక్. ఒక సెక్టారుకి 100 ఎంబీపీఎస్‌కి మించి ప్లాన్ చేయకండి. యార్డులో పేర్చిన కంటెయినర్ల వెనక ఇంకా తగ్గుతుంది. హెచ్.265కి మార్చి 2 ఎంబీపీఎస్‌కి దించి, కెమెరాలను మూడు సెక్టార్లకి పంచితే ఒక్కోదానికి 40 ఎంబీపీఎస్ పడుతుంది. అప్పుడు నిలుస్తుంది. కరెంటూ ఫైబరూ ఇప్పటికే ఉన్న స్తంభం మీది కెమెరాకి సిమ్ వేయొద్దు, ఫైబరుతోనే తీసుకోండి.

రెండోదానికి, యూపీఎఫ్ ఒక్కటే విశాఖలో ఉంటే అలా రాసివ్వకండి. లింకు తెగిన క్షణాన నడుస్తున్న సెషన్లు కాసేపు నడుస్తాయి, అదీ సెషన్లని అదుపు చేసే ఎస్‌ఎంఎఫ్‌తో హార్ట్‌బీట్ పోయినా సెషన్లు తుడవొద్దని యూపీఎఫ్‌లో సెట్ చేసి ఉంటేనే. కాస్త పనిలేక ఐడిల్‌లోకి వెళ్లిన పరికరం మళ్లీ లేవాలంటే పరికరాల రిజిస్ట్రేషన్ చూసే ఏఎంఎఫ్‌ని అడగాలి. ఏఎంఎఫ్ హైదరాబాద్‌లో ఉంది. రీస్టార్ట్ అయిన పరికరానికి ధ్రువీకరణ కావాలి, సిమ్‌ల వివరాలుండే యూడీఎం కూడా అక్కడే. పావుగంటలో యార్డులో సగం పరికరాలు మూగబోతాయి.

ఆ హామీ ఇవ్వాలంటే ఏఎంఎఫ్, ఎస్‌ఎంఎఫ్, ఆ కస్టమరు సిమ్‌ల వరకు యూడీఎం, అన్నీ స్థానికంగా ఉండాలి. కొన్ని వందల సిమ్‌లకి అది ఒక సర్వరులో సరిపోతుంది, కానీ లైసెన్సూ నిర్వహణా వేరే ధర. కాబట్టి రెండు శ్రేణులుగా అమ్మండి: స్థానిక బ్రేక్‌అవుట్ (డేటాని విశాఖలోనే దింపడం) ఒక రేటు, లింకు తెగినా నిలిచే పూర్తి కోర్ ఇంకో రేటు. రెండోది అమ్మితే ఆరు నెలలకొకసారి కస్టమరు ఎదుటే లింకు పీకి చూపించే పరీక్షని ఒప్పందంలో రాయండి. పీకి కనీసం రెండు గంటలు వదలాలి, అయిదు నిమిషాల పరీక్షలో ఈ లోపం బయటపడదు.

రుషికొండ_లెక్కలు

డబ్బు లెక్క నేను వేస్తాను. ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలు, మీ కొటేషన్లలో ఉన్నవి వీటి స్థానంలో వేసుకోండి.

ఎడ్జ్ సైటు: మూడు సర్వర్లు, రెండు స్విచ్‌లు, బ్యాటరీ, అమరిక కలిపి 60 లక్షలు. అయిదేళ్లకి పంచితే నెలకి 1 లక్ష. సాఫ్ట్‌వేరు లైసెన్సూ సపోర్టూ 1.2 లక్షలు. కరెంటు: 3 కిలోవాట్ల లోడుకి నెలకి 2,160 యూనిట్లు, ఏసీతో ఒకటిన్నర రెట్లు అంటే 3,240, యూనిట్ 9 రూపాయలైతే సుమారు 30 వేలు. మనుషుల వాటా 80 వేలు. మొత్తం నెలకి 3.3 లక్షలు. ఒక్క కస్టమరు లేకపోయినా ఇది పోతుంది.

ఇప్పుడు రాబడి. చాలామంది ఇక్కడే తప్పుతారు. బ్రాంచీకి 3,000 బిల్లు వేస్తే 3,000 వచ్చినట్టు రాసుకుంటారు. బాక్సు 36 వేలు, 36 నెలలకి పంచితే 1,000. ఫంక్షన్ల లైసెన్సులు 700. మిగిలేది 1,300. ఆ 1,300 మాత్రమే సైటు ఖర్చు తీర్చడానికి పనికొస్తుంది. కెమెరాకి 350 వసూలు చేస్తే జీపీయూ, లైసెన్సు పోను 200 అనుకోండి. 40 బ్రాంచీలు 52 వేలు, 300 కెమెరాలు 60 వేలు, రెండూ కలిపినా 1.12 లక్షలు. సైటు మునిగినట్టే. ఒక పెద్ద ప్రాంగణం స్థానిక బ్రేక్‌అవుట్‌కి నెలకి నికరంగా 2 లక్షలు ఇస్తే 3.12 అవుతుంది, ఇంకా 18 వేలు తక్కువ. బ్రాంచీలు 60కి చేరితే 3.38, అప్పుడు ఒడ్డున పడతారు.

నేను చెప్పేది ఇది: పెద్ద ప్రాంగణం ఒకటి మూడేళ్లకి సంతకం పెట్టేదాకా ఎడ్జ్ సైటు కట్టకండి. అప్పటిదాకా బ్రాంచీ వ్యాపారాన్ని కస్టమరు దగ్గరి బాక్సులతోనే నడపండి, దానికి ఈ 3.3 లక్షలు అక్కర్లేదు. బ్రాంచీకి ఏడాదిలో రెండుసార్లు మనిషిని పంపి, ఒక్కోసారి 1,500 అయితే నెలకి 250 పోయినట్టే. 1,300లో దాదాపు అయిదో వంతు. ఆటోనగర్ గారు చెప్పిన ఆ నాలుగు తప్పుల విలువ ఇదే.

2012 అక్టోబరులో ఆపరేటర్లు కలిసి ఎన్‌ఎఫ్‌వీ (నెట్‌వర్కు పరికరాలని సాఫ్ట్‌వేరుగా మార్చడం) శ్వేతపత్రం వేసినప్పుడు ఇచ్చిన మాట పరికరాల ఖర్చూ కరెంటూ తగ్గుతాయని, కొత్త సర్వీసు త్వరగా బయటికొస్తుందని. అందులో మొదటిది చిన్న సైటుకి వర్తించదు. పెద్ద డేటా సెంటరులో 100 సర్వర్ల మీద పంచుకునే స్పేరూ లైసెన్సూ ఇక్కడ మూడింటి మీదే పడతాయి. రెండోదే ఇక్కడ పనికొచ్చేది: కస్టమరు అడిగిన రోజే బాక్సులో ఇంకో ఫంక్షన్ ఆన్ చేసి ఆ నెల నుంచే బిల్లు వేయగలగడం. అందుకని ఆర్డరు నుంచి బిల్లు దాకా ఉన్న దారిని ముందు ఆటోమేట్ చేయండి. నెట్‌వర్కులో 10 నిమిషాల్లో లేచిన ఫంక్షన్ బిల్లింగులోకి మూడు వారాల తర్వాత ఎక్కితే ఆ మూడు వారాలు ఉచితం.

2023 ఫిబ్రవరిలో మొదలైన ఓపెన్ గేట్‌వే ఏపీఐల (నెట్‌వర్కు సమాచారాన్ని బయటి సాఫ్ట్‌వేరుకి అందించే మార్గాలు) గురించి అడుగుతారేమో. సిమ్ మార్పిడి తనిఖీ లాంటివి బ్యాంకులు కొంటాయి, కానీ అది దేశమంతటికీ కలిపి అమ్మే సరుకు. విశాఖ సైటు లెక్కలో కలపొద్దు.

మర్రిపాలెం_లైసెన్సు

లెక్కలు చెప్పినవారు వదిలేసినవి కొన్ని. లైసెన్సు ఫీజు ఏజీఆర్ (సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం) మీద 8 శాతం. 2021 అక్టోబరు నుంచి టెలికాం కాని ఆదాయం ఆ లెక్కలోంచి బయటకి వచ్చింది. కాబట్టి కనెక్టివిటీ, కంప్యూట్, కెమెరా విశ్లేషణ మూడింటినీ ఒకే ప్యాకేజీ ధరగా కాకుండా విడివిడి వరుసల్లో, విడి ధరలతో బిల్లు వేయండి. ఏది దేని కిందకి వస్తుందో ఆడిటరు దగ్గర ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

దువ్వాడ, అచ్యుతాపురం సెజ్ యూనిట్లకి, వాళ్ల అధీకృత కార్యకలాపాల కోసం ఇచ్చే సర్వీసు జీఎస్‌టీలో జీరో రేటెడ్. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా సరఫరా చేయడానికి ఇచ్చే హామీ పత్రం) ఆ ఏడాదికి దాఖలై ఉండాలి. లేకపోతే 18 శాతం కట్టి, రీఫండు వచ్చేదాకా ఆ డబ్బు ఇరుక్కుంటుంది.

ఫైర్‌వాల్‌ని ఆపరేటరే నడిపితే లాగులు (రికార్డులు) 180 రోజులు దేశంలోనే ఉంచాలి, 2022 ఏప్రిల్ సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం. 40 బ్రాంచీలు, ఒక్కో బ్రాంచీకి సెకనుకి 20 లాగులు, ఒక్కోటి 400 బైట్లు అనుకుంటే రోజుకి 28 జీబీ, 180 రోజులకి 5 టెరాబైట్లు. కుదిస్తే 1 టెరాబైటు లోపు పడుతుంది. దాన్ని ఎడ్జ్ సర్వరులోని ఖరీదైన డిస్కులో పెట్టకండి, రాత్రిపూట హైదరాబాద్ పంపేయండి.

సాధారణ వాడకందారులకి ఎడ్జ్‌లో ఉన్న యాప్ డేటా చౌక, బయటిది ఖరీదు అని ధర పెట్టడం 2016 ఫిబ్రవరి ట్రాయ్ నిబంధనల కింద కుదరదు. ప్రాంగణం లోపలి మూసిన నెట్‌వర్కుకి ఆ అడ్డు లేదు. స్థానిక బ్రేక్‌అవుట్ పెట్టిన ప్రతి యూపీఎఫ్‌కీ చట్టబద్ధ నిఘా ఏర్పాటు ఉండాలి. దాని లైసెన్సు చాలా కొటేషన్లలో కనపడదు, అడిగి రాయించుకోండి.

ఆటోనగర్_ప్యాకెట్

ఆ ఖాళీ ర్యాకు గురించి ఒక మాట. గది సముద్రానికి దగ్గరైతే, లేదా రిఫైనరీ, ఉక్కు వైపు అయితే, బయటి గాలిని లోపలికి తోసే చల్లదనం పద్ధతి వాడకండి. ఉప్పు తేమ, గంధకం కలిసి బోర్డుల మీది వెండి, రాగి తీగల్ని తినేస్తాయి. సర్వరు ఎనిమిది నెలలు బాగానే ఉండి తర్వాత మెమరీ ఎర్రర్లు మొదలవుతాయి, వాటిని సాఫ్ట్‌వేరు బగ్ అనుకుని వారాలు వృథా చేస్తారు. సర్వర్లు దించేముందు రాగి, వెండి కూపన్లను (చిన్న రేకులు) 30 రోజులు గదిలో వేలాడదీసి ల్యాబుకి పంపండి. ఐఎస్ఏ 71.04 (గది గాలి తుప్పు తీవ్రత ప్రమాణం) ప్రకారం రాగి మీద తుప్పు పొర నెలకి 300 ఆంగ్‌స్ట్రాముల లోపు, వెండి మీద 200 లోపు ఉంటే జీ1 (తక్కువ తీవ్రత), మామూలు సర్వర్లు పెట్టొచ్చు. దాటితే గదికి మూసిన ఏసీ, రసాయన ఫిల్టరు, పూత వేసిన బోర్డులున్న సర్వర్లు కావాలి. ఈ ఖర్చు రుషికొండ గారి 60 లక్షల్లో లేదు.

5 కిలోవాట్లు దొరుకుతాయన్నారు. అది రెక్టిఫయరు (ఏసీ కరెంటుని డీసీగా మార్చేది) సామర్థ్యమా, బ్యాటరీ మీద కూడా నిలిచేదా చూడండి. 3 కిలోవాట్లని నాలుగు గంటలు నిలపాలంటే 48 వోల్టుల దగ్గర 250 ఆంపియర్-అవర్లు నికరంగా వాడుకోగలగాలి. లెడ్ యాసిడ్ అయితే దానికి దాదాపు రెట్టింపు బ్యాంకు పెట్టాలి, ఆ బరువుకి నేల తట్టుకుంటుందో లేదో కూడా కొలవాలి. గదిని చల్లబరిచే ఏసీ బ్యాటరీ మీద నడవదు. జనరేటరు ఎత్తుకోవడం ఆలస్యమైతే బ్యాటరీ అయిపోకముందే వేడికి సర్వర్లు ఆగిపోతాయి.

భీమిలి_ఫైబర్

అందరికీ ధన్యవాదాలు. కూపన్లు ఈ వారమే వేలాడదీయిస్తాను. బ్రాంచీ బాక్సుల కొటేషన్లని 8 కోర్లకి మార్చి, ఐమిక్స్ పరీక్ష షరతుతో మళ్లీ అడుగుతున్నాం. రుషికొండ గారూ, ప్రాంగణం ఒప్పందం మూడేళ్లన్నారు, సర్వర్లని అయిదేళ్లకి పంచారు. మూడేళ్ల తర్వాత వాళ్లు వెళ్లిపోతే?

రుషికొండ_లెక్కలు

అందుకే ఆ ఒక్క కస్టమరు కోసమే కొన్న భాగాన్ని, అంటే స్థానిక కోర్ సర్వరుని, దాని లైసెన్సుని మూడేళ్లకే పంచి ఆయన ధరలో వేయండి. మిగిలిన రెండు సర్వర్లు అందరివీ, అవి అయిదేళ్లకి. మధ్యలో వదిలేస్తే మిగిలిన నెలల పరికరాల వాటా కట్టాలన్న షరతు ఒప్పందంలో అంకెతో సహా ఉండాలి, శాతంగా వద్దు. శాతం దేని మీద అన్న దగ్గరే తగువు వస్తుంది.